స్టార్ట్ నొక్కగానే ఆగిపోయిన పూల పిల్ల: ఒక జావా ఆటలో కీబోర్డు కేసు

నేపథ్యం

హనుమకొండలో డిగ్రీ, డిప్లొమా పిల్లలకు జావా చెబుతూ వాళ్ల చివరి ఏడాది ప్రాజెక్టులు చూస్తుంటాను. ఈ కేసులోని అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ మూడో సంవత్సరం చదువుతోంది. ఊరు, కాలేజీ, గుర్తుపట్టే వివరాలు వదిలేశాను. ఆమె సరేనన్నాకే రాస్తున్నాను.

ఆమె చేసుకున్న ఆట చిన్నది, అందమైనది. చెరువు కట్ట మీద ఒక పిల్ల తిరుగుతూ బతుకమ్మకు పూలు ఏరుకుంటుంది. తంగేడు, గునుగు, కట్ల పూలు, బంతి. బాణం గుర్తు కీలతో నడక, స్పేస్ నొక్కితే పువ్వు తెంపడం. తెంపిన కొద్దీ పక్కనున్న సిబ్బిలో బతుకమ్మ వరుస వరుసగా పెరుగుతుంది. పిల్ల బొమ్మను తనే గీసింది, 48 పిక్సెళ్ల వెడల్పు, 64 ఎత్తు. విండో 800కు 600. అంతా స్వింగ్‌లోనే, అంటే జావాలో విండోలు, బటన్లు చేసే లైబ్రరీలోనే. నా దగ్గరికి వచ్చేసరికి ఎంగిలిపూల బతుకమ్మకు మూడు వారాలుంది. కాలేజీలో చూపించాల్సింది దసరా సెలవులయ్యాక. కానీ సద్దుల నాటికి ఇంట్లో అందరూ ఆడాలని ఆమె కోరిక.

ఈ కేసును ఎంచుకోవడానికి కారణం ఉంది. ఒకే తప్పు వేరు వేరు వేషాల్లో మళ్లీ మళ్లీ వచ్చింది. ప్రతిసారీ కొత్త రోగమే అనుకున్నాం. నేను కూడా ఒకచోట తప్పు దారి పట్టాను.

వచ్చిన సమస్య

"సార్, ఆరో బటన్లు ఒత్తితే పిల్ల కదుల్తలేదు" అంటూ లాప్‌టాప్ తెరిచింది. అప్పటికే వారం రోజులుగా తిప్పలు పడుతోంది. ఎక్కడెక్కడి కోడో తెచ్చి అతికించింది. కీ నొక్కగానే నడిచే కీప్రెస్డ్‌లో కొంత, అక్షరం పడితే నడిచే కీటైప్డ్‌లో కొంత రాసింది. బాణం గుర్తు కీలకు కీటైప్డ్ అసలు రాదు, అది అక్షరాలు పుట్టించే కీలకే. ఆట గీసుకునే జేపానెల్ తీసేసి దాని బదులు కాన్వాస్ పెట్టమని ఎవరో చెప్పారట, అదీ చేసి చూసి వెనక్కి వచ్చింది.

కోడ్ చూపించబోతుంటే ఆపాను. కోడ్ ముందు చూస్తే కనిపించిన ప్రతి తప్పూ సరిదిద్దాలనిపిస్తుంది, అసలు జబ్బు ఏదో తెలియకుండా పోతుంది. బొమ్మ కదలాలంటే మూడు జరగాలి: కీ నొక్కిన వార్త మన కోడ్ దాకా రావాలి, దాన్ని బట్టి ఎక్స్, వై అంకెలు మారాలి, మారిన అంకెలతో తెర మళ్లీ గీయాలి. తెగింది ఈ మూడింటిలో ఎక్కడ అన్నదే నాకు కావాలి.

"ఎప్పటిసంది కదుల్తలేదు బిడ్డా?"

"స్టార్ట్ నొక్కినంక సార్."

"నొక్కక ముందు?"

"గప్పుడు కదులుతది. కని గప్పుడు ఆట షురూ కాదు గద."

"స్పేస్ ఒత్తితే ఏమైతది?"

"ఆట మళ్ల మొదటికొస్తది."

రోగం దొరికింది. ఆమె వారం రోజులుగా ఈ రెండింటినీ చూస్తూనే ఉంది, కానీ వేరే తప్పులని పక్కన పెట్టేసింది. కీబోర్డు మాట ప్రస్తుతం వింటున్న వస్తువుకు ఫోకస్ ఉంది అంటాం. స్వింగ్‌లో కీ వార్త ఫోకస్ ఎవరి దగ్గరుంటే వాళ్లకే వెళ్తుంది. మౌస్‌తో స్టార్ట్ బటన్ నొక్కగానే ఫోకస్ బటన్‌కు పోయింది. కీ వార్తలు వినడానికి పానెల్‌కు తగిలించిన కీలిజనర్‌కు ఇక ఏ వార్తా రాదు. ఫోకస్ ఉన్న బటన్‌కు స్పేస్ కొడితే మౌస్‌తో నొక్కినట్టే లెక్క. అందుకే ఆట మొదటికొస్తోంది. అంటే అంకెలు మారడమూ బాగుంది, తెర గీయడమూ బాగుంది. తెగింది మొదటి చోటే.

చేసి చూసినవి

మొదట అన్నిటికన్నా చిన్న మార్పు చేయించాను. పానెల్‌ను ఫోకసబుల్ చేసి, బటన్‌కు మాత్రం సెట్‌ఫోకసబుల్ ఫాల్స్ ఇచ్చి, స్టార్ట్ నొక్కినప్పుడు ఫోకస్ పానెల్‌కు ఇమ్మని అడిగే రిక్వెస్ట్‌ఫోకస్‌ఇన్‌విండో పిలవమన్నాను. విండో తెర మీదికి రాకముందే ఈ పిలుపు ఇస్తే పని చేయదు. ఆమె కన్‌స్ట్రక్టర్‌లో, అంటే పానెల్ ఇంకా తయారవుతుండగానే పిలిచింది, అందుకే అంతకు ముందు ఫలితం రాలేదు. చోటు మార్చగానే పిల్ల కదిలింది.

రెండు రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి పైన ఆడేవాళ్ల పేరు రాసుకునే పెట్టె చేర్చింది. పేరు కొట్టాక ఫోకస్ ఆ పెట్టెలోనే ఉండిపోయింది, పిల్ల మళ్లీ కదలదు. కొత్త వస్తువు చేర్చిన ప్రతిసారీ ఫోకస్‌ను వెతికి తెచ్చుకునే మందు మందు కాదనిపించింది. కీ బైండింగ్స్‌కు మారుద్దామన్నాను. 2000లో వచ్చిన జావా 1.3 నుంచి ఇన్‌పుట్‌మ్యాప్, యాక్షన్‌మ్యాప్ ఉన్నాయి. ఈ విండోలో ఎక్కడ ఫోకస్ ఉన్నా ఈ కీకి ఈ పని అని ముడిపెట్టుకోవచ్చు.

మార్చాక వింత చూశాం. పేరు పెట్టెలో కర్సర్ ఉన్నప్పుడు పిల్ల పైకీ కిందకీ నడుస్తోంది, ఎడమకూ కుడికీ నడవదు! ఆమె నావైపు చూసింది. విండో మొత్తానికి కట్టిన బైండింగ్‌ను స్వింగ్ చివర్లో చూస్తుంది. ఫోకస్ ఉన్న వస్తువు ఆ కీని ముందే వాడుకుంటే వార్త అక్కడితో ఆగిపోతుంది. పేరు పెట్టెకు కర్సర్ జరపడానికి ఎడమ, కుడి కావాలి. ఒకే వరుస కాబట్టి పైకి, కిందికి అక్కర్లేదు. బటన్ కూడా ఫోకస్ ఉంటే స్పేస్‌ను ఇలాగే మింగుతుంది. అందుకే బటన్‌కు ఇచ్చిన ఫోకసబుల్ ఫాల్స్ అలాగే ఉంచాం. పేరు అడగడాన్ని ఆట తెర నుంచి తీసి, ఆటకు ముందు వచ్చే చిన్న డైలాగ్‌లో పెట్టాం. రాసుకునే చోటు, ఆడే చోటు ఒకే తెర మీద ఉండకపోతే ఈ గొడవ ఉండదు.

కదులుతోంది, కానీ నడవడం లేదు

వార్త చేరింది. ఇప్పుడు నడక సంగతి. కుడి బాణం నొక్కి పట్టుకుంటే పిల్ల ఒక అడుగు వేసి ఆగుతుంది, అర సెకను తర్వాత పరుగు అందుకుంటుంది. కుడి పట్టుకుని ఉండగానే పైకి నొక్కితే కుడివైపు నడక ఆగిపోయి పైకే పోతుంది. ఏటవాలుగా రాదు.

చెప్పే ముందు నోట్‌ప్యాడ్ తెరిపించాను. "ఒక అక్షరం ఒత్తి పట్టుకో" అన్నాను. ఒక అక్షరం పడింది, కాసేపు ఏమీ లేదు, తర్వాత వరుసగా పడ్డాయి. పట్టుకునే ఉండి ఇంకో అక్షరం నొక్కమన్నాను. మొదటిది ఆగి రెండోదే పడుతూ పోయింది. ఆమె నోట్‌ప్యాడ్‌ను చూసింది, ఆటను చూసింది, నవ్వింది. ఆటలో పిల్ల నడక ఆమె కోడ్‌ది కాదు, టైపింగ్ కోసం ఆపరేటింగ్ సిస్టమ్ చేసే రిపీట్. కీప్రెస్డ్ వచ్చినప్పుడల్లా అయిదు పిక్సెళ్లు జరపమని రాసింది కాబట్టి, రిపీట్ ఎలా వస్తే పిల్ల అలా నడిచింది.

దీనికి ఆమె రెండు మందులు వేసి చూసింది. మొదటిది, కంట్రోల్ ప్యానెల్‌లో కీబోర్డు రిపీట్ ఆలస్యాన్ని తగ్గించడం. లాప్‌టాప్‌లో కాస్త మెరుగైంది. వద్దన్నాను. అది ఆమె మెషీన్ సెట్టింగు, ఆటతో పాటు అమ్మమ్మ ఇంటికి రాదు. రెండోది, కీప్రెస్డ్ లోపలే లూప్ పెట్టి, పది సార్లు ఒక్కో పిక్సెల్ జరుపుతూ మధ్యలో 20 మిల్లీసెకన్లు థ్రెడ్‌ను, అంటే ప్రోగ్రామ్‌లో పనులు ఒకదాని తర్వాత ఒకటి చేసుకుపోయే దారిని, నిద్రపుచ్చడం. పిల్ల మెత్తగా నడవడం పోయి గెంతడం మొదలైంది. పైగా వేలు తీసేశాక కూడా నడుస్తూనే ఉంది.

ఇక్కడ కాసేపు ఆగి వివరించాల్సి వచ్చింది. స్వింగ్‌లో కీ వార్తలు వినేదీ తెర గీసేదీ ఒకే థ్రెడ్, ఈవెంట్ డిస్పాచ్ థ్రెడ్. కిరాణా కొట్టులో ఒక్కడే ఉన్నట్టు: గిరాకీతో మాట్లాడేదీ వాడే, తూకం వేసేదీ వాడే. వాడు కునుకు తీస్తే రెండూ ఆగుతాయి. ఒక్కో వార్తకు 200 మిల్లీసెకన్లు పడుతుంటే రిపీట్ వార్తలు సెకనుకు ముప్పై దాకా వచ్చి వరుసలో నిలబడుతున్నాయి. వేలు తీసినా ఆ వరుస అయ్యేదాకా పిల్ల నడవక తప్పదు.

పని చేసిన పద్ధతి

కీ నొక్కడాన్ని అడుగు అనుకోవడమే మూలం. కీబోర్డు చెప్పేది "ఈ కీ కిందికి పోయింది", "ఈ కీ పైకి లేచింది" అన్న రెండు వార్తలే. అందుకని కీ బైండింగ్‌లో పిల్లను జరిపే పని మొత్తం తీసేశాం. ఇప్పుడు నొక్కి ఉన్న కీల జాబితాగా ఒక సెట్ పెట్టాం. నొక్కితే ఆ కీ పేరు సెట్‌లోకి, వదిలితే బయటికి. అంతే. పిల్లను నడిపే పని స్వింగ్ టైమర్‌కు ఇచ్చాం. 16 మిల్లీసెకన్లకోసారి మోగుతుంది, మోగినప్పుడు సెట్‌లో ఏయే కీలున్నాయో చూసి జరుపుతుంది, తెర మళ్లీ గీయమని రీపెయింట్ పిలుస్తుంది. ఈ టైమర్ మోగేది కూడా ఈవెంట్ డిస్పాచ్ థ్రెడ్ మీదే కాబట్టి సెట్‌ను రెండు థ్రెడ్లు ఒకేసారి తాకే భయం లేదు. విడిగా ఒక థ్రెడ్‌తో గేమ్ లూప్ రాయొచ్చు, పెద్ద ఆటలకు అదే మేలు. ఆమెకు ఉన్న మూడు వారాల్లో రెండు థ్రెడ్లు ఒకదానికొకటి అడ్డం రాకుండా చూసే సింక్రనైజేషన్ కూడా నేర్పడం నాకు సబబు అనిపించలేదు.

ఆ సాయంత్రం పిల్ల ఏటవాలుగా నడిచింది. కానీ టిక్‌కు, అంటే టైమర్ మోగిన ప్రతిసారికీ, అయిదు పిక్సెళ్లు అని రాసినందుకు నా డెస్క్‌టాప్‌లో తెర దాటడానికి దాదాపు మూడు సెకన్లు, ఇంకో పాత మెషీన్‌లో అయిదు. 16 అని అడిగినా టైమర్ అన్ని మెషీన్లలో అంత కచ్చితంగా మోగదు. కాబట్టి వేగాన్ని సెకనుకు 220 పిక్సెళ్లు అని పెట్టుకుని, రెండు టిక్కుల మధ్య నిజంగా గడిచిన కాలాన్ని జావా గడియారం నానోటైమ్‌తో కొలిచి గుణించమన్నాను. గడిచిన కాలం 50 మిల్లీసెకన్లు దాటితే 50 గానే లెక్క పెట్టమన్నాను, లేకపోతే మెషీన్ ఒక్కసారి బిగుసుకుంటే పిల్ల చెట్టు దాటి దూకుతుంది. ఏటవాలుగా పోతే రెండు వైపుల వేగం కలిసి 311 అవుతుంది కాబట్టి అప్పుడు 0.707తో గుణించాలి.

మర్నాడు ఫోన్ చేసింది. "సార్, ఎడమ దిక్కుకు తొందరగ పోతున్నది, కుడి దిక్కుకు మెల్లగ పోతున్నది."

ఈ ఒక్క తప్పుకే ఈ కేసు రాసినా చాలు. ఎక్స్‌ను ఆమె ఇంట్‌గానే, అంటే దశాంశాలు పట్టని పూర్ణాంకంగానే ఉంచింది. 220ని 0.016తో గుణిస్తే 3.52. ఎక్స్ 100 దగ్గర ఉంటే కుడికి 103.52, ఇంట్‌లోకి పోతే 103. ఎడమకు 96.48, ఇంట్‌లోకి పోతే 96. కుడికి మూడు, ఎడమకు నాలుగు! "ఎక్స్ = ఎక్స్ + 3.52" అని రాసి ఉంటే కంపైలర్ ఒప్పుకునేది కాదు, దశాంశాలు పట్టే డబుల్‌ను ఇంట్‌లో పెట్టకూడదని అడ్డుకునేది. ఆమె ప్లస్ ఈక్వల్స్ (+=) వాడింది. ఆ గుర్తు వాడితే జావా అడగకుండానే దశాంశం కోసేస్తుంది. ఎక్స్, వైలను డబుల్ చేసి, గీసేటప్పుడు మాత్రమే గుండ్రం చేయమన్నాను. ఈ తప్పును ఆమె కంటితో పట్టుకుంది, నేను కోడ్ చదివి ఉంటే దాటిపోయేవాణ్ణేమో.

నేను తప్పిన చోటు

లాప్‌టాప్‌లో ఆట బాగానే నడుస్తోంది. కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు మెషీన్లు. అక్కడ పిల్ల నడుస్తూ నడుస్తూ జర్కులు కొడుతోందని చెప్పింది. విండోస్‌లో మెత్తగా ఉండి లినక్స్‌లో (ఉబుంటు అందులో ఒక రకం) తడబడితే తెర గీయడం ఆలస్యమవుతోందని నేను అనుకున్నాను. లినక్స్‌లో ఫ్రేములు ఆలస్యంగా తెర మీదికి వస్తే టూల్‌కిట్ సింక్ పిలుపు సాయపడుతుంది, అది పెట్టించాను. తేడా లేదు. బొమ్మ ఫైల్ చిన్నది చేయించాను. తేడా లేదు. రెండు రోజులు పోయాయి.

తెగింది మూడింటిలో ఎక్కడో ముందు చూడాలనుకున్న నేనే, కీ వార్త వస్తోందా అన్న మొదటి ప్రశ్న వదిలేసి, తెర గీస్తోందా అన్న మూడో ప్రశ్న దగ్గర కూర్చున్నాను. తర్వాత ఖాళీ విండోతో ఒక ప్రోగ్రామ్ రాయించాను. కీ నొక్కితే "నొక్కింది", వదిలితే "వదిలింది" అని కన్సోల్‌లో, అంటే ప్రోగ్రామ్ అక్షరాలు రాసే కిటికీలో పడుతుంది. కుడి బాణం పట్టుకుని ఉంటే విండోస్‌లో నొక్కింది, నొక్కింది, నొక్కింది, వేలు తీశాక ఒక్కసారి వదిలింది. ఉబుంటులో వేలు కీ మీదే ఉండగా నొక్కింది, వదిలింది, నొక్కింది, వదిలింది. లినక్స్‌లో రిపీట్ ప్రతిసారీ వదిలిన వార్తను కూడా పంపుతుంది. మన సెట్‌లో నుంచి కీ పోతూ వస్తూ ఉంది, పోయిన క్షణంలో టిక్ పడితే పిల్ల ఆగుతోంది.

మందు: వదిలిన వార్త రాగానే కీని సెట్ నుంచి తీయకుండా, వదిలిన సమయం మాత్రం రాసిపెట్టాలి. టిక్ వచ్చినప్పుడు ఆ సమయం నుంచి 20 మిల్లీసెకన్లు దాటి, ఈలోపు మళ్లీ నొక్కిన వార్త రాకపోతేనే తీసేయాలి. పిల్ల 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా ఆగుతుంది, కంటికి తెలియదు. ప్రతి కీకి ఒక చిన్న టైమర్ పెట్టి రద్దు చేస్తూ పోవడం ఇంకో దారి. కదిలే భాగాలు ఎన్ని తక్కువైతే అంత మంచిదని అది వద్దనుకున్నాను. దీనివల్ల మేము అడగని మేలు కూడా జరిగింది. టిక్‌కూ టిక్‌కూ మధ్యలోనే ఎవరైనా కీని టక్కున కొట్టి వదిలితే ఇంతకు ముందు అది లెక్కలోకి వచ్చేది కాదు, ఇప్పుడు కనీసం ఒక అడుగు పడుతుంది.

దయ్యం పట్టినట్టు నడిచే పిల్ల

ఇంట్లో ఆడుతుంటే ఇంకొకటి బయటపడింది. కుడి బాణం పట్టుకుని ఉండగా ఆల్ట్ ట్యాబ్ కొట్టి వేరే విండోకు పోతే, తిరిగి వచ్చేసరికి పిల్ల తెర అంచుకు చేరి అక్కడే నడుస్తూ ఉంటుంది. వేలు తీసిన వార్త ఆ వేరే విండోకు వెళ్లింది, మనకు రాలేదు. విండో ఫోకస్ పోయినప్పుడు సెట్ మొత్తం ఖాళీ చేయించాం.

ఇలాంటిదే షిఫ్ట్‌తో కూడా. బైండింగ్‌లో "ఎడమ వదిలితే" అని రాస్తే దానర్థం వేరే ఏ కీ తోడు లేకుండా ఎడమ వదిలితే అని. ఎడమ నొక్కి, ఆ మీద షిఫ్ట్ నొక్కి, ఎడమ వదిలితే అది "షిఫ్ట్‌తో ఎడమ వదలడం", మన బైండింగ్‌కు సరిపోదు, పిల్ల ఆగదు. నాలుగు బాణాలకూ నొక్కడం, వదలడం రెండింటినీ షిఫ్ట్‌తోనూ కంట్రోల్‌తోనూ కూడా ఒక లూప్‌లో కట్టించాను. కీ వార్తలు ఏ వస్తువుకూ చేరకముందే చూసే కీఈవెంట్‌డిస్పాచర్ వాడితే ఈ లెక్కే ఉండదు. కానీ పేరు అడిగే డైలాగ్ తెరిచి ఉన్నప్పుడు కూడా అది అన్ని కీలనూ ముందుగా చూస్తుంది, దానికి మళ్లీ కాపలా రాయాలి.

మిగిలింది

చివరి వారం ల్యాబ్‌లోనే ఒక కీబోర్డు మీద పైకి, ఎడమ, స్పేస్ మూడూ కలిపి నొక్కితే పువ్వు తెగదు. విడివిడిగా అన్నీ పని చేస్తాయి. ఈసారి మొదట ఖాళీ విండోనే తెరిచింది, నన్ను అడగలేదు. పైకి నొక్కింది, ఎడమ నొక్కింది అని పడ్డాయి, స్పేస్ వార్తే లేదు. వార్త మెషీన్ దాకానే రాలేదు. చవక కీబోర్డుల్లో కీలు అడ్డు వరుసలు, నిలువు వరుసలుగా ఒకే తీగల మీద కలిసి ఉంటాయి. కొన్ని మూడేసి కీలను కీబోర్డు విడదీసి చెప్పలేక మూడోదాన్ని వదిలేస్తుంది. జావాలో ఏం రాసినా అది రాదు.

తాకితే చాలు పువ్వు తెగేటట్టు పెట్టమన్నాను. ఒప్పుకోలేదు. గునుగు కట్టెను వంగి తెంపాలి సార్, ఊరికే తాకితే రాదు అంది. కంట్రోల్ కీ ఇలాంటి గొడవలో సాధారణంగా చిక్కదు, కానీ అది పట్టుకుని ఉంటే బాణాలన్నీ కంట్రోల్‌తో వచ్చే వార్తలవుతాయి. అవి కట్టి ఉన్నాయి కాబట్టి నడుస్తుంది, అయినా చిన్న పిల్లలు దాని మీద వేలు పెట్టుకుని కూర్చుంటారా అని మానేశాం. ల్యాబ్‌లోని కీబోర్డులు ఒక్కొక్కటీ ముందు పెట్టుకుని, పైకి, ఎడమ పట్టుకుని మిగతా కీలన్నీ నొక్కి చూసి, అన్నిటి మీదా పలికిన జడ్ కీని ఆమె తీసుకుంది.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పిల్లలతో మొదటి రోజే ఆ ఖాళీ విండో రాయిస్తున్నాను. విండోస్‌లో ఒకసారి, ఉబుంటులో ఒకసారి నడిపి రెండు కన్సోళ్లలో పడింది కాగితం మీద పక్కపక్కన రాసుకోమంటున్నాను. ఆమె మాత్రం పండుగ నాటికి ఒక పని తనంతట తానే చేసింది. పేరు అడిగే డైలాగ్ తర్వాత ఇంకో తెర వస్తుంది. "పైకి, ఎడమ పట్టుకో. ఇప్పుడు పువ్వు తెంపే కీ నొక్కు" అని అడుగుతుంది. ఏ కీ వార్త వస్తే ఆ కీనే ఆ ఆటకు తెంపే కీగా పెట్టుకుంటుంది.